కందీలు దాచే దీనమ్మ

నర్సంపేట మిషను దవాఖానలో మంత్రసాని దీనమ్మకు ఒక గుర్రం ఉండేది. ఆడమనిషి గుర్రమెక్కి ఊళ్ళు తిరగడమేమిటని, పందొమ్మిది వందల నలభైల్లో ముక్కున వేలేసుకోనివాళ్ళు లేరు. ఇంట్లో నొప్పులు మొదలైతే మాత్రం వాళ్ళే పరుగున వచ్చి దండం పెట్టేవాళ్ళు!

రాత్రిపూట పాకాల అడవి దారిలో ఆమె పద్ధతే వేరు. జీను పక్కన వేలాడే కందీలు వత్తి బాగా తగ్గించి ఉంచేది. ఎదురుగా బండి చప్పుడో, మనిషి అలికిడో వినపడితే చాలు, గుర్రాన్ని పక్కకు తీసి, కందీలుకు దుప్పటి అడ్డం పట్టి, "నేను దీనమ్మను, గుర్రం మీదున్న, మీరు పోండ్రి!" అని కేకేసేది. చీకటికి అలవాటుపడ్డ కళ్ళలో వెలుగు కొడితే మనిషైనా పశువైనా కాసేపు గుడ్డే కదా. బండ్లవాళ్ళు ఆమెకు కందీలు దాచే దీనమ్మ అని పేరు పెట్టుకున్నారు.

ఒక చలికాలం రాత్రి పాండురంగం తట్టువ గుర్రం మీద దౌడు తీస్తూ వచ్చాడు. అడవి అవతలి పల్లెలో కిరాణా దుకాణం అతనిది. భార్య చిలుకమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఇదివరకే రెండు కాన్పులు పోయాయి.

"అక్కా, ఈసారి బిడ్డ దక్కకుంటే అది బతకది. జర జల్ది రా" అని గడపలో కూలబడ్డాడు.

"ఏడ్పు తర్వాత. ముందు గుర్రమెక్కు" అంది దీనమ్మ.

దారిలో అతను ముందు, ఆమె వెనక. అతని చేతిలో వరంగల్ బజారులో కొన్న కొత్త బ్యాటరీ లైటు. దాన్ని చెట్ల మీదికీ పుట్టల మీదికీ కొడుతూ పోతున్నాడు.

"సేటూ, లైటు కిందికి పట్టు. గుర్రాలకు దారి ఎరుకే."

"చిరుతలున్నయక్కా! పులి కండ్లల్లకు సూటిగ లైటు కొడితే అది కదలదట. షికారోళ్ళు చెప్పిండ్రు."

"షికారోళ్ళ దగ్గర బందూకుంటది. నీ దగ్గరేముంది, బెల్లమా?"

వింటేగా! వాగు ఒడ్డు మలుపులో రెండు జతల కళ్ళు నిప్పుల్లా మెరిశాయి. పాండురంగానికి పైప్రాణాలు పైనే పోయాయి. గంటల చప్పుడు లేదు, దీపం లేదు. పులులు కాక మరేమిటి? లైటును ఆ కళ్ళలోకే బిగించి పట్టుకున్నాడు.

దీనమ్మ గుర్రం బెదరలేదు, చెవులు నిక్కించి సకిలించిందంతే. పులి వాసన తగిలితే ఆగుతుందా అది!

"బంద్ చెయ్! ఎడ్లురా అవి!"

అతని చేయి కొయ్యబారిపోయింది. దీనమ్మ గుర్రాన్ని ముందుకు దూకించి అతని మణికట్టు మీద ఒక్కటిచ్చింది. లైటు కిందపడి ఆరిపోయింది.

అప్పుడు వినపడింది, బండి ఇరుసు కిర్రుమనడం. "చక్రం జారుతాంది! వాగుల పడ్తం!" అని ఒక మగగొంతు. ఆ వెంటే "అమ్మా!" అని ఆడగొంతు.

ఆ గొంతు చిలుకమ్మది. నొప్పులకు తాళలేకపోతుంటే పాలేరు కట్టయ్య ఆమెను బండిలో పడుకోబెట్టి దవాఖానకు బయల్దేరాడు. తొందరలో దీపం మరిచాడు, మోతకు తల పగులుతోందని ఆమె అంటే ఎడ్ల మెడల్లోని గంటలు కూడా విప్పేశాడు, పాపం.

పాండురంగం పరుగెత్తబోయాడు. "ఉరుకకు! ఇంకా బెదుర్తయ్" అని ఆపి, దీనమ్మ తన కందీలు కూడా ఆర్పేసింది. కటిక చీకటి. ఒడ్డు మట్టి పెళ్ళలు నీళ్ళలో పడుతున్నాయి. "నా తండ్రీ, నా బంగారం, ఏం లేదు, ఏం లేదు" అంటూ ఆమె ఎడ్ల కొమ్ముల ఎదుటికే నడిచి వెళ్ళింది. అబ్బ, ఏం గుండె ఆ మనిషిది! కాసేపటికి ఎడ్లకు చూపు కుదురుకుంది. ఒక అడుగు ముందుకేశాయి, ఇంకో అడుగు వేశాయి. చక్రం దారి మీదికెక్కింది.

ఎడ్లను విప్పి దూరంగా కట్టాకే మళ్ళీ కందీలు వెలిగించారు. బిడ్డ ఆ బండిలోనే పుట్టింది. పుట్టి ఊరుకుంది. దీనమ్మ వీపు రుద్ది, కాళ్ళు పట్టి తలకిందులు చేసి తట్టింది. అడవి అదిరేలా ఏడ్చింది పిల్ల.

పాండురంగం చక్రం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నా పెండ్లామని తెల్వక కొట్టినక్కా లైటు. తెలిస్తే కొడుదునా?"

"తెల్వనోళ్ళ కోసమే గద తమ్మీ కందీలు దాచేది" అంది దీనమ్మ, బిడ్డను అతని చేతుల్లో పెడుతూ.