పంపు సీలు తెంచింది నేను

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద నాకొక షెడ్డు ఉండేది. డీజిల్ బండ్ల పని. అప్పటికి నాకు చదువు రాదు, ఇంజను సంగతి మాత్రం చెవికి తెలిసేది. జమ్మలమడుగు తట్టు ఒక నాయకుడికి కారు తోలే డ్రైవరు నా దోస్తు. చిన్నప్పుడు చర్చిలో ఒకే చాప మీద కూర్చున్నవాళ్లం. ఆదివారం ప్రార్థన అయిపోతూనే ఆ కారు నా షెడ్డుకు తెచ్చేవాడు. బానెట్టు ఎత్తిపెట్టి, బొరుగులు తింటూ మధ్యాహ్నం దాకా మాట్లాడుకునేవాళ్లం. ఆ ఆదివారాలు ఇప్పటికీ నన్ను వదలలేదు.

అవి ఫ్యాక్షన్ రోజులు. నాయకుడి బండి దారిలో ఆగిపోతే, ఏం చెడిపోయిందని ఎవరూ అడగరు. డ్రైవరును ఎదుటివాళ్లు కొనేశారా అని అడుగుతారు. అది తెలిసి కూడా నేను ఆ పని చేశాను.

"మామా, అన్న కారుకు పంపు పెంచాల," అన్నాడు ఒక ఆదివారం.

"ఎందుకప్పా, బాగానే పోతాంది కదా?"

"ఎదుటోళ్లు కొత్త బండి తెచ్చినారు. ముద్దనూరు కనుమ ఎక్కేతప్పుడు మనది ముసిలెద్దు మాదిరి రొప్పుతాంది. ఎనక తగులుకున్యారంటే అయిపోతాం."

"ఒక్క పూట పరుగుకైతే పెంచుతా. ఇది దినామూ పులివెందులకు పోయొచ్చే బండి. ఇంజను తట్టుకోదు."

"నువ్వు ఇంజను గురించి చెప్తాండావు. నేను నా పానం గురించి చెప్తాండా."

డీజిల్ పంపుకు ఒక స్క్రూ ఉంటుంది. ఇంజనుకు ఎంత డీజిల్ పోవాలో అది చెబుతుంది. ఎవరూ తిప్పకుండా దానికి తీగ కట్టి సీసపు సీలు వేసి ఉంటారు. నేను ఆ సీలు తెంచి పావు చుట్టు తిప్పాను. మరుసటి ఆదివారం వాడు మొహం వెలిగిపోతూ వచ్చాడు. "గుర్రమైంది మామా. ఇంగ రవ్వంత తిప్పు." వద్దని నోటితో అన్నాను, చేత్తో ఇంకో పావు చుట్టు తిప్పాను. నా పనితనానికి నాకే పొగరు ఎక్కింది. లోపల మంట పెరిగింది కానీ రేడియేటరు పాతదే, ఇంజను నీళ్లు కారకుండా ఆపే గాస్కెట్టు పాతదే, బ్రేకులు పాతవే. నల్లపొగ వస్తే కాలు తియ్యమన్నాను, పొద్దున్నే నీళ్లు చూసుకోమన్నాను. అన్నీ తప్పకుండా చేశాడు.

మేమిద్దరం ఆలోచించనిది ఒకటి ఉంది. ఆ కాలంలో నాయకుడు ఏ ఇంట్లోకి పోయినా బయట బండి ఆపరు. ఇంజను ఆడుతూనే ఉండాలి, డ్రైవరు సీటు దిగకూడదు. ఎండాకాలం ఎలక్షన్లు వచ్చాయి. కనుమలు ఎక్కి కాగిపోయిన ఇంజను, గాలి తగలకుండా, ఏసీ ఆడుతూ ప్రతి ఊర్లో గంటసేపు నిలబడే ఉండేది. బండిని చంపింది స్పీడు ఒక్కటే కాదు, ఆ నిలబడటం కూడా. వేడి చూపించే ముల్లు పైకి పోవడం వాడు చూస్తూనే ఉన్నాడు. బండి ఆపడానికి లేదు, నడిదారిలో దిగి నీళ్లు పొయ్యడానికీ లేదు.

మిట్టమధ్యాహ్నం కనుమ నడుమ గాస్కెట్టు పోయి, తెల్లటి ఆవిరి కమ్మింది. నాయకుడూ ఆయన మనుషులూ గంటసేపు ఆ ఎండలో నిలబడ్డారు. ఎవరూ రాలేదు, ఏమీ కాలేదు. అయినా మనుషుల చూపులు డ్రైవరు మీదికి తిరిగాయి. బండిని ఈడ్చుకుపోయిన షెడ్డులో మేస్త్రీ సీలు తెగి ఉండటం చూపించాడు. ఎవడు తెంచింది అని నాయకుడు అడిగితే, నా దోస్తు "నేనేనన్నా, స్పీడు కోసం" అన్నాడు.

ఆ సాయంత్రమే నా షెడ్డుకొచ్చాడు. లోపలికి రాలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు.

"అన్న ఈ తట్టు కనపడొద్దన్న్యాడు మామా. బళ్లారి పోతాండా."

"నేనొచ్చి నిజం చెప్తా పద."

"చెప్తే నిన్నూ అమ్ముడుపోయినోడే అంటారు. నోరు తెరవాకు. నీకు షెడ్డు ఉండాది, యాడికీ పోలేవు. నాది తోలే చెయ్యి, యాడన్నా బతుకుతా."

నేను నోరు తెరవలేదు. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు పోయాయో. చర్చి నుంచి వచ్చి షెడ్డు తలుపు తీసేవాణ్ణి, పని ఏమీ లేకపోయినా.

గొడవలు చల్లబడ్డాయి. నాయకుడు పార్టీ మారి, పాత శత్రువు పక్కనే వేదిక మీద కూర్చుంటున్నాడు. ముసలితనంలో నేను చర్చి రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నాను, వాడికి ఒక జాబు నా చేత్తో రాయాలని. రాసేముందు నాయకుడి ఇంటికి పోయి, ఆ సీలు తెంచింది నేనని చెప్పాను.

ఆయన నన్ను కూర్చోమన్నాడు. "ఏ బండప్పా? ఎన్ని బండ్లు మార్చలేదు నేను. ఆ డ్రైవరు యెవురు? రమ్మను, యెవురొద్దన్న్యారు?"

నాయకుడు అంతా మరిచిపోయిన సంగతి రాయకుండా, వాడికి రమ్మని మాత్రమే రాశాను. జవాబు వచ్చింది. మోకాళ్లు పట్టేశాయట, అక్కడే చర్చికి పోతున్నాడట, ఇంక కదలలేడట. "నువ్వే రా మామా" అని రాశాడు.

పోవాలి. బళ్లారి ఏమంత దూరం కాదు. కానీ నన్ను చూడగానే వాడు "అన్న ఏమన్న్యాడు?" అని అడుగుతాడు. దానికి ఏం చెప్పాలో తెలియక ఇంకా బస్సెక్కలేదు.