ఓనర్ సాబ్ ఇల్లు ఖరాబు కావద్దు

జీతంతో పాటు తెలివి కూడా నెలనెలా ఖాతాలో పడుతుందని నేను నమ్మిన ఆ రోజుల్లో, సీతాఫల్‌మండిలో రెండు బెడ్రూముల ఫ్లాటు ఒకటి కొన్నాను. ఉండడానికి కాదు, అద్దెకివ్వడానికి. మేముండేది మారేడ్‌పల్లిలో, అదీ అద్దె ఇల్లే (ఇందులోని విచిత్రం మా అమ్మకు తప్ప ఎవరికీ తట్టలేదు). "అద్దె వచ్చి బ్యాంకు కిస్తీ కడుతుంది, నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే" అని ఆఫీసులో సీనియర్ ఒకాయన చెప్పాడు. ఆయనకు సొంతిల్లు లేదన్న సంగతి రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిసింది.

అద్దెకు దిగింది ఒక పెద్దాయన, ఆయన కూతురు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్లను ఇంటర్వ్యూ చేద్దామని వెళితే, పెద్దాయనే నన్ను చేశాడు. "పెండ్లయిందా? కాలే? ఇల్లు ముందే కొన్నవా? ఉల్టా నడుస్తున్నవు బిడ్డా." అప్పట్నుంచి నేను ఆయనకు ఓనర్ సాబ్‌ని. "ఓనర్ సాబ్, మీ నల్లా రాత్రంత ఏడ్శింది, జెర వచ్చి ఓదార్చి పో" అని ఫోన్ చేసేవాడు. నేను పానా పట్టుకుని వెళ్లి, కారుతున్న దాన్ని పూర్తిగా విరగ్గొట్టి, ఆయన పెట్టిన చాయ్ తాగి వచ్చేవాణ్ణి.

కొన్నాళ్లకు ఆయన మంచాన పడ్డాడు. ఇంక ఇంటికి తీసుకెళ్లమన్నారు డాక్టర్లు. ఆయన అడిగిందీ అదే. రైలు పట్టాలు కనిపించే కిటికీ పక్కన, తన మంచం మీదే పోవాలని. పెద్ద కోరికేం కాదనుకున్నాను. అపార్ట్‌మెంట్ సెక్రటరీ అంకుల్ నన్ను పిలిపించి, అది ఎంత పెద్దదో వివరించాడు.

"కిరాయి ఇంట్ల పానం పోవద్దు బాబూ. నక్షత్రం మంచిది కాకపోతే ఆర్నెల్లు ఇంటికి తాళమే. ఓనర్‌వి నువ్వే చెప్పాలె."

"మాకు అలాంటివి లేవంకుల్. మా తాతయ్య పోతే హాల్లోనే శవపెట్టె పెట్టి, తెల్లారేదాకా చర్చి పాటలు పాడాం."

"మీకు నడుస్తది. రేపు కిరాయికొచ్చేటోళ్లకు నడుస్తదా?"

నేను గుండె నిండా గాలి పీల్చుకుని మూడో అంతస్తు ఎక్కాను. జీవితంలో మొదటిసారి ఒక గొప్ప మాట చెప్పబోతున్నానన్న ఆయాసం (కొంత మెట్లది కూడా). "పెద్దాయనా, మీరెక్కడికీ వెళ్లక్కర్లేదు. ఇల్లు నాది. నాకే పట్టింపూ లేదు" అన్నాను. చప్పట్లు వినిపించలేదు. అప్పటికే కూతురు మూలనున్న సంచిలో దుప్పట్లు సర్దుతోంది.

"నాన్న నిన్ననే చెప్పిండు తమ్ముడూ. ఓనర్ పిల్లగాడు మంచోడు, ఆయన ఇల్లు ఖరాబు చేయొద్దని."

"అక్కా, ఖరాబు కావడానికి ఏముంది ఇందులో?"

"నీకు తెల్వదులే. సుట్టుపక్కల అందరికీ తెలుస్తది. మళ్ల నీ ఇంట్లకు ఎవరొస్తరు?"

నేను ఇంకా వాదించాను. బతిమాలాను కూడా. పెద్దాయన కళ్లు మూసుకుని, వాదన అయ్యేదాకా ఓపిగ్గా విని, "లిఫ్ట్ చిన్నగున్నది, కుర్సీ తెప్పియ్యి" అన్నాడు.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం పట్టుకుని మెట్ల మీదుగా దించాం. సెక్రటరీ అంకుల్ కూడా కుర్చీ కాలు ఒకటి పట్టాడు, చాలా జాగ్రత్తగా. అంబులెన్సు తలుపు వేసే ముందు పెద్దాయన నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"సాఫ్‌గ ఇచ్చి పోతున్న ఓనర్ సాబ్. అడ్వాన్సుల పెయింటింగ్ పైసలు కొయ్యకు."

ఆ వారంలోనే ఒక నర్సింగ్ హోమ్‌లో, గోడ తప్ప ఏమీ కనిపించని గదిలో పోయాడు. పెయింటింగ్ పైసలు కొయ్యలేదు. నేను చేయగలిగిందని చెప్పుకోవడానికి అదొక్కటే మిగిలింది.

తర్వాత ఇల్లు చూడడానికి ఒక కుటుంబం వచ్చింది. భర్త గోడలు తట్టాడు, భార్య కిటికీ తీసి చూసి, గొంతు తగ్గించి అడిగింది: "ఈ ఇంట్ల ఎవరూ పోలే కదా?"

"లేదండీ" అన్నాను. నిజమే కదా. పక్కనున్న సెక్రటరీ అంకుల్ "గ్యారంటీ నాది" అన్నాడు. వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు, పాలు పొంగించడానికి మంచిరోజు చూసుకున్నారు. అద్దె ఇప్పటికీ నెలనెలా వస్తోంది, కిస్తీ దారిన కిస్తీ పోతోంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ మెట్లెక్కిన కుర్రాణ్ణి తలచుకుంటే మాత్రం అప్పుడప్పుడు నవ్వొస్తుంది. కొన్నాక ఆ ఇంట్లో ఎవరిని ఉండనివ్వాలో తనే చెప్పొచ్చనుకున్నాడు, పాపం.