బామ్మర్ది కారుకు బండి కందెన

పొద్దున్నుంచి ముసురు. టమాటా చేనుకు మందు కొట్టే పని ఆగిపోయి ఇంట్లోనే ఉన్నాను. అప్పుడు చేవెళ్ల నుంచి మా బామ్మర్ది వచ్చాడు. మా అల్మారాలో ఏడాదిగా మూలన పడి ఉన్న తన పాత రిమోట్ కారుకు లేతు షాపులో ఇత్తడి గేరు చేయించి తెచ్చాడు. దాని పార్టులు ఇప్పుడు ఎక్కడా దొరకవు.

"ఇయ్యాల నడవకపోతే పాత సామాన్లు కొనేటోనికి ఇచ్చేస్త" అని మా ఆవిడ తమ్ముడికి ముందే చెప్పింది.

గేరు బిగించి చాయ్ తాగడానికి లోపలికి వెళ్లాం. తిరిగి వచ్చేసరికి మా నాన్న, ఎడ్లబండి నాటి డబ్బా తీసి, గేరు పెట్టె నిండా కందెన కూరాడు.

"ఇదేంది మామా?" అన్నాడు బామ్మర్ది.

"ఇరుసుకైనా గేరుకైనా గిదే. అరవై తొమ్మిదిల తెలంగాణ ఉద్యమంల బస్సులు బంద్ అయినప్పుడు ఊరంత గీ కందెన మీదనే తిరిగింది."

గేరు పెట్టెకు మూత కూడా పెట్టకుండా బామ్మర్ది ఆత్రంగా రిమోట్ నొక్కాడు. కారు వసారాలో గిర్రున తిరిగింది. తాడు మీద ఆరేసిన, మా ఆవిడ చర్చికి కట్టుకునే చీర నిండా నల్ల చుక్కలు పడ్డాయి.

"నడిచింది గదా అక్కా" అన్నాడు మెల్లగా.

"నడిచింది లే. చీర మాత్రం నువ్వే ఉతుక్కొస్తవ్."

కందెన బాగా పని చేసిందని మా నాన్న ఇంకా అంటూనే ఉన్నాడు. ఆ మరక దేనితో పోతుందో తెలిసినవాళ్లు కింద రాయండి.

సాయంత్రం బస్సుకు బామ్మర్ది కారూ చీరా సంచిలో పెట్టుకుని చేవెళ్ల వెళ్లిపోయాడు.