పంపకాల్లో మిగిలిపోయిన నంబరు

తిరువూరు మెయిన్ రోడ్డులో ఎవరు మేడ మీద మేడ కట్టినా, కొత్త కారు కొన్నా మహాలక్ష్మికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆమె అందరి మీదా ఏడ్చే మనిషి కాదు. ఉన్న ఓర్వలేనితనమంతా ఒక్క మనిషికే దాచిపెట్టుకుంది. ఆ మనిషి తోటికోడలు నాగలత.

మహాలక్ష్మి పెనుగొలను నుంచి పెద్దకోడలిగా వచ్చి ముప్పై ఏళ్లయింది. వాళ్లది మోటార్లు, డ్రిప్ పైపులు అమ్మే కొట్టు. మామగారు వీరరాఘవయ్యకు ఒక పట్టింపు ఉండేది. కొట్టు తాళాలు పెద్దకోడలి దగ్గరే ఉండాలి, కొడుకులైనా ఆమెను అడిగే తీసుకోవాలి. కొట్టుకు కంప్యూటరు వచ్చినప్పుడూ అదే పట్టింపు. మెయిల్ కొత్తగా తెరిచినప్పుడల్లా ఫోనుకు ఆరంకెల నంబరు వస్తుందని, అది కొడితేనే తెరుచుకుంటుందని కంప్యూటరు మనిషి చెబితే, "అదీ తాళమేగా! పెద్దకోడలి ఫోను రాయి" అన్నాడాయన.

ఆయన పోయాక మూడేళ్ల కిందట పంపకాలు జరిగాయి. కొట్టు నడుమ ప్లైవుడ్ గోడ లేచింది. బోర్డు పెద్దకొడుకు వెంకటకృష్ణారావుకి, కంప్యూటరు, దాంతోపాటు పాత మెయిల్ చిన్నకొడుకు ఉమాశంకర్‌కి. మహాలక్ష్మి ఇత్తడి గరిటెలు కూడా ఎంచి మరీ పంచింది.

గోడ లేచిందే గానీ మహాలక్ష్మి చెవి మాత్రం అవతలే ఉండిపోయింది. రెడ్డిగూడెం మామిడి రైతులు బండి దిగి నాగలత గుమ్మమెక్కితే ఈమెకు కాళ్ల కింద మంట. నాగలత డిగ్రీ చదివింది, ఈమె పదోతరగతి. నాగలత నవ్వుతూ మాట్లాడుతుంది, ఈమెకు నవ్వాలంటే ముందు కారణం కావాలి. "ఆ ఫ్యాను గాలి కూడా అటే తిరుగుతుందండీ" అని భర్త దగ్గర వాపోయిన రోజులున్నాయి. వెంకటకృష్ణారావు నెమ్మదస్తుడు, పేపరు తిప్పుకుంటూ ఊఁ కొట్టేవాడు.

ఇంతలో పైపుల కంపెనీ నుంచి కబురొచ్చింది. తిరువూరు చుట్టుపక్కల మండలాలకు ఇకమీదట ఒక్కరే పెద్ద డీలరు. అయితే డ్రిప్పు సబ్సిడీ కోసం రైతులిచ్చే ఆధార్లు, పాసుపుస్తకాలు, ఫోను నంబర్లు అన్నీ డీలరు కంప్యూటర్లోనే ఉంటాయి కదా. ఎక్కడో ఒక డీలరు కంప్యూటర్లో దొంగలు దూరి మొత్తం తాళం వేసేశారట, రైతుల పని సీజనంతా ఆగిపోయిందట. అందుకని సైబర్ బీమా ఎవరి చేతికి ముందు వస్తే డీలర్‌షిప్ వాళ్లకే.

అదీ అడగ్గానే ఇచ్చేసే బీమా కాదు. బీమావాళ్ల ఫారంలో రెండు పేజీల ప్రశ్నలున్నాయి. పాస్‌వర్డు ఒక్కొక్కరికీ వేరుగా ఉందా? రెండో తనిఖీగా ఫోనుకు నంబరు వస్తుందా? ఫైళ్ల నకలు కంప్యూటరుకు దూరంగా వేరేచోట ఉందా? దాన్ని ఎప్పుడైనా తెరిచి చూశారా? తెలియని లింకులు నొక్కకూడదని పనివాళ్లకు నేర్పారా?

గోడ అవతల నాగలత ఒక్కొక్కటీ చక్కబెట్టుకుంటున్న సంగతి ఈమెకు వినిపిస్తూనే ఉంది. తమకూ, గుమాస్తా జోజిబాబుకూ వేర్వేరు పాస్‌వర్డులు పెట్టింది. నకలు దాచడానికి అరచేతిలో పట్టే చిన్న డిస్కు కొంది. అది విన్న మర్నాడే మహాలక్ష్మి విజయవాడకు మనిషిని పంపి దానికి రెట్టింపు డిస్కు తెప్పించింది, అదీ ఎర్ర రంగుది. ఫారంలో ప్రతి ప్రశ్నకూ "ఉంది" అని రాయించింది. ఆమె లెక్కలో అది అబద్ధం కాదు. నాగలతకు ఉన్నప్పుడు తనకు లేకుండా ఎలా పోతుంది?

మంగళవారం పొద్దున బీమా కంపెనీ నుంచి వినీల అనే అమ్మాయి తనిఖీకి వచ్చింది. ముందు మహాలక్ష్మి కొట్టుకే వచ్చింది. అంతవరకూ బాగానే ఉంది.

"పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసండీ?"

"మా కొట్లో అందరికీ తెలుసు. దాపరికం లేదు మాకు" అంది మహాలక్ష్మి. కంప్యూటరు తెర పక్కనే కాగితం అంటించి ఉంది.

వినీల ఏదో రాసుకుంది. "నకలు డిస్కు చూపిస్తారా?"

మహాలక్ష్మి ఉత్సాహంగా లేచి దేవుడి మండపంలోంచి డిస్కు తెచ్చింది. కంప్యూటరుకు దూరంగా, భద్రంగా ఉండాలన్నారు కదా, ఊళ్లో అంతకంటే భద్రమైన చోటేముంది? దసరాకి కాటాకీ, గల్లాపెట్టెకీ బొట్టు పెట్టినట్టే దీనికీ పసుపు రాసి కుంకుమ పెట్టింది. అక్కడితో ఆగలేదు, ప్రతి శుక్రవారం తీర్థం చల్లింది. ఎర్ర డిస్కు ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం.

వినీల దాన్ని తుడిచి తగిలించింది. దీపం వెలగలేదు. వైరు మార్చి చూసినా వెలగలేదు. వైరు పెట్టే సందు నిండా కుంకుమ పేరుకుపోయి ఉంది.

"తెచ్చాక ఎన్నిసార్లు నకలు తీశారండీ?"

"తెచ్చిన రోజే తీశాం కదమ్మా! పూజ మాత్రం వారం తప్పలేదు."

వినీల నవ్వలేదు పాపం. "మూడు నెలల్లో సరిచేసుకుని మళ్లీ పెట్టండి" అని మర్యాదగా చెప్పి లేచింది. గోడ అవతల మాత్రం ఎవరో కిసుక్కుమన్నారు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అని ఊరికే అన్నారా? నవ్వింది జోజిబాబని ఆమెకు తెలియదు. తెలిసినా ఒప్పుకునేది కాదు.

వినీల పక్క కొట్లోకి వెళ్లింది. మహాలక్ష్మి కుర్చీని గోడకు దగ్గరగా జరుపుకుంది. అవతల ఒక్కొక్కటే నెగ్గుతోంది. పాస్‌వర్డులు బాగున్నాయట. డిస్కు తెరుచుకుందట, నిన్నటి కాగితాలు కూడా ఉన్నాయట. ప్రతి "బాగుందండీ"కీ ఈమె గుండెలో ఒక ముల్లు దిగుతోంది. డీలర్‌షిప్ చెయ్యి దాటిపోతోంది, ఆపే దారి లేదు.

"మెయిల్ ఒకసారి మూసి, మళ్లీ తెరిచి చూపించండి" అంది వినీల.

మహాలక్ష్మి ఒళ్లో ఫోను గురగురలాడింది. ఆరంకెల నంబరు వచ్చింది.

చూసిన క్షణంలోనే సంగతంతా అర్థమైంది. పంపకాల్లో మెయిల్ అటు వెళ్లింది గానీ తాళం ఇటే ఉండిపోయింది. ఇన్నేళ్లూ అదే కంప్యూటర్లో మూయకుండా వాడుకున్నారు కాబట్టి అడగలేదు. ఎంచి పంచిన గరిటెల్లో దీన్ని ఎవరూ ఎంచలేదు. దేవుడు ఇన్నాళ్లకు తన మొర ఆలకించాడు అనుకుంది మహాలక్ష్మి.

నాగలత గుమ్మంలోకి వచ్చింది. "అక్కయ్యా, మీ ఫోనుకేమైనా నంబరొచ్చిందా?"

"రాలేదే" అంది మహాలక్ష్మి, ఫోను బోర్లా తిప్పి.

"సరే అక్కయ్యా, మళ్లీ పంపిస్తా" అని నాగలత వెళ్లింది. ఫోను రెండోసారి గురగురలాడింది. మహాలక్ష్మి కదలలేదు. ఒళ్లంతా హాయిగా ఉంది, ఆ హాయికి కొంచెం సిగ్గుగానూ ఉంది. అయినా హాయే ఎక్కువగా ఉంది.

"రాలేదంటున్నారండీ" అంది అవతల నాగలత.

"ఆవిడ కావాలనే చెప్పడం లేదేమో మేడమ్? అసలు విడిపోయాక కూడా ఆవిడ నంబరెందుకు ఉంచారు?" అంది వినీల.

"మావయ్యగారు అప్పజెప్పిన తాళమండీ అది. మార్చేద్దామని మావారు అంటూనే ఉన్నారు, నేనే వద్దన్నా. మా అక్కయ్యకి నేనంటే పడదు, తెలుసు. కానీ ఆవిడ ఇంకొకళ్ల తలుపు తియ్యదు, అబద్ధమాడదు. సిగ్నల్ లేదేమో, ఇంకోసారి చూద్దాం."

మహాలక్ష్మి ముఖం కందగడ్డయింది. ముందు సిగ్గేసింది, వెంటనే కోపమొచ్చింది. చదువులో ముందుంది, బేరంలో ముందుంది, చివరికి మంచితనంలో కూడా ఇదే ముందా? తన మీద తనకే లేని నమ్మకం దీనికెక్కడిది?

ఫోను మూడోసారి మోగింది. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా లేచి, మూడేళ్లలో మొదటిసారి ఆ గుమ్మం ఎక్కింది. "ఇప్పుడొచ్చింది" అని ఆరంకెలూ గట్టిగా చదివింది. "ముందువీ వచ్చాయి. నేనే చెప్పలేదు" అని కూడా అంది. అందులోనైనా నాగలత కంటే ఒక మెట్టు పైనుండాలని కాబోలు.

నాగలత ఆమె వంక చూసి, "కుర్చీ వేసుకోండక్కయ్యా" అంది.

మెయిల్ తెరుచుకుంది. వినీల గొంతు సవరించుకుంది. "అన్నీ బాగున్నాయండీ, ఇదొక్కటే కుదరదు. రెండో తనిఖీ బయటివాళ్ల ఫోనుకు వెళ్తే బీమా ఇవ్వరు. ఇప్పుడే మీ ఇంట్లోవాళ్ల నంబరు పెట్టెయ్యండి."

నాగలత కాసేపు తటపటాయించింది. తర్వాత కూతురు పూజిత నంబరు కొట్టింది.

మహాలక్ష్మి తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుంది. వెంకటకృష్ణారావు పేపరు దించి, "ఏమైంది?" అన్నాడు.

"బీమా అవతలివాళ్లకే" అంది.

ఫోను గురగురలాడింది. కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఈ ఖాతా నుంచి మీ నంబరు తొలగించాం అని ఉంది. భర్తకు చూపించింది.

"మంచిదేగా, ఇక ఏ సంబంధమూ లేదు. నీక్కావలసిందదేగా" అన్నాడాయన.

గోడ అవతల మెయిల్ మళ్లీ మూసి తెరిచారు కాబోలు, పూజిత ఫోను మోగింది. "అమ్మా, నంబరొచ్చింది!" అని ఆ పిల్ల అరిచింది. మూడేళ్లుగా నాగలత దగ్గర తనది కానిదల్లా ఎంచుకుంటూ కూర్చున్న మహాలక్ష్మి, అక్కడ తనదంటూ ఉన్న ఒక్కటీ ఆ పిల్ల చేతికి పోతుంటే వింటూ ఉండిపోయింది.