మా ఆయన ఎంచిన ఇయర్‌ఫోన్లు

రెండు వేల రూపాయల ఇయర్‌ఫోన్ల కోసం నేను మొగుణ్ణి వినాయకుడి పందిట్లో పట్టుకుని పరువు తీశానని వైశాలి నగర్‌లో మా తెలుగువాళ్ళు చెప్పుకుంటారు. కథ బాగానే ఉంది గానీ నిజం కాదు. చెప్పేవాళ్ళలో సగం మంది ఆ సాయంత్రం పందిట్లో లేనేలేరు. ఉన్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి, ప్రసాదం తిని, మూతి తుడుచుకుని, ఇంటికెళ్ళాక నాకు జాలి లేదని తీర్పు చెప్పారు. నేను ఎందుకు లేచి నిలబడ్డానో ఒక్కరూ చెప్పరు. చెబితే వాళ్ళ నోళ్ళ సంగతి కూడా చెప్పాల్సొస్తుంది.

మా ఆయనకి "చెవున్న మనిషి" అని పేరు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీవాళ్ళ ఊరికి పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో ఎవరు స్పీకరు కొన్నా, టీవీ కొన్నా ముందు మా ఆయన విని "సాఫ్ ఉంది" అనాలి. అన్నాకే డబ్బు బయటికొస్తుంది. చవితి పందిట్లో మైకుసెట్టు బల్ల వెనక కుర్చీ ఆయనదే. ఆ మీటలు ఇంకొకరు ముట్టుకుంటే పూజారి మంత్రం మరిచినంత గొడవ. ఉద్యోగం జాముల్ వైపు ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఫోర్‌మన్. రోజంతా గ్రైండర్లు ఇనుము కోసే చోటు. గ్రైండరు కూత విని చక్రం ఎంత అరిగిందో చెప్పేస్తాడని అక్కడా పేరే. అలాంటివాళ్ళు చెవికి ఏమీ పెట్టుకోరట. చెవి మూస్తే పని తెలీదట. పెట్టుకున్నవాణ్ణి "పెళ్ళికూతురా" అని ఏడిపిస్తారట. ఇదంతా ఆయన గర్వంగా చెప్పేవాడు, నేను ఉల్లిపాయలు కోస్తూ వినేదాన్ని.

మా ఇంట్లో టీవీ అరుస్తుంది. వార్తలైతే వీధి చివర దాకా వినబడతాయి. తగ్గించమంటే "ఏటి తగ్గించడం, ఇప్పటికే గుసగుసలాడతంది" అనేవాడు. నా ఇంట్లో నేను ఒక్క పాట నాకిష్టమైనట్టు వినాలంటే చెవుల్లోకి దూర్చుకోవడం తప్ప దారి లేకపోయింది. అందుకని ఇయర్‌ఫోన్లు.

నా కోరిక పెద్దదేం కాదు. గొంతు ముందుండాలి, వాయిద్యాలు వెనక నిలబడాలి. మృదంగం దెబ్బ పడ్డచోటే ఆగాలి, బురదలా చుట్టూ పాకకూడదు. "స" పలికినప్పుడల్లా చెవిలో సూది దిగకూడదు. రెండు వేలు దాటకూడదు, ఎందుకంటే అది నేను ట్యూషన్లు చెప్పి దాచుకున్నది. ఆ ధరలో వైరు లేనివి కొంటే సగం డబ్బు బ్యాటరీకీ, దాని డబ్బాకీ పోతుంది. వైరున్నవి కొంటే చాలావరకు వినడానికే పనికొస్తుంది. కాలేజీలో ఫిజిక్స్ చదివినదాన్ని, ఆ మాత్రం ఆలోచించుకోగలను. ఆలోచించుకున్నదాన్ని ఒక్కదాన్నే వెళ్ళి కొనుక్కోవలసింది. చెవున్న మొగుడుండగా ఒక్కత్తే వెళ్ళిందంటే నలుగురూ ఏమనుకుంటారని ఆయన వెంటపడ్డాడు.

సుపేలా మార్కెట్లో కొట్టతను కూడా మనవాడే. రబ్బరు బుడిపెలు పెద్దవి, చిన్నవి పళ్ళెంలో పోసి పెట్టాడు.

"దీదీ, ముందర సైజు సూస్కోండి. చెవికి బిగిసి కూకోపోతే బాస్ అంతా కారిపోద్ది. తరవాత నన్ను తిడతారు."

"ఇవాళే తిడతాలే, రేపటిదాకా ఎందుకు," అన్నాను.

"ఆగు, ముందర నేను సూస్తాను," అని మా ఆయన వాటిని లాక్కున్నాడు. కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తి విన్నాడు. ఆ గడ్డం చూసి పక్క కొట్టువాడు కూడా వచ్చి నిలబడ్డాడు. మొదటిది తీసి బల్ల మీద పారేశాడు. "ఇది మూతెట్టిన డేకిశా." రెండోదీ అంతే. మూడోది పెట్టుకున్నాక మొహం వెలిగింది. "ఇదీ! ఏక్‌దమ్ సాఫ్. గాజు తుడిసినట్టుంది."

నేను పెట్టుకున్నాను. పళ్ళ డాక్టరు డ్రిల్లు చెవిలో పెట్టినట్టుంది. తాళం మోగిన ప్రతిసారీ భుజాలు ఎగిరిపడ్డాయి. డేకిశా అన్నదాన్ని తీసి పెట్టుకున్నాను. ఎవరో పక్కన పీట వేసుకుని కూర్చుని పాడుతున్నట్టుంది.

"నాకిది కావాలి."

"అది మందం. డబ్బులు దండగ. భయ్యా, ఆ మూడోది కట్టు."

"చెవులెవరివండీ?"

"చెవులు నీవే. వినడం రావద్దేటి?"

కొట్టంతా నవ్వింది. కొట్టతను నవ్వుతూనే "భయ్యా చెవికి తిరుగేటి, దీదీ" అని ఆ డ్రిల్లునే డబ్బాలో పెట్టి ఇచ్చాడు. నా డబ్బు, నా చెవులు, ఆయన పేరు. ఇంటికి తెచ్చుకున్నాను.

రోజూ తలనొప్పే. అవి పెట్టుకుని నేను ఎదురుచూసింది పాట కోసం కాదు, అదెప్పుడు అయిపోతుందా అని. ఒక మధ్యాహ్నం చెవుల్లోంచి పీకేసి కూర్చుంటే ఫ్రిజ్ కీచుమంది. మా ఫ్రిజ్ తలుపు సరిగా పడకపోతే సన్నగా కూస్తుంది. దాని పక్కనే బల్ల మీద ఆయన అన్నం తింటున్నాడు. తలుపు సరిగా వెయ్యనిది ఆయనే. ఎన్నేళ్ళుగా నేను గదిలోంచి పరిగెత్తుకొచ్చి, చెయ్యి చాపితే అందే తలుపు కూడా వెయ్యలేరా అని తిట్టిపోశానో లెక్కలేదు. ఆ రోజు లేవలేదు. ఎదురుగా కూర్చుని ఆయన మొహమే చూశాను. ఫ్రిజ్ కూస్తూనే ఉంది. ఆయన పప్పులో నిమ్మకాయ పిండుకున్నాడు. కనురెప్ప కూడా కదల్లేదు.

ఫోన్లో శబ్దం పరీక్ష ఒకటి దొరికింది. కింది స్థాయి నుంచి పైకి ఎక్కుతూ పోయే కూత. ఆయన టీవీ ఆపి పేపరు పట్టుకున్నప్పుడు పెట్టాను. ఆ కూతకి పక్కింటి పిల్ల గుమ్మంలోంచి తల పెట్టి "ఆంటీ, యే క్యా బజ్ రహా హై?" అంది, ఏమిటా మోత అని. పేపరు వెనక మనిషి పేజీ తిప్పాడు.

అప్పుడర్థమైంది మూడోది ఆయనకి గాజులా ఎందుకుందో. సన్నగా పైస్థాయిలో పలికే శబ్దాలన్నీ గ్రైండర్లు ఆయన చెవిలోంచి కోసేశాయి. కోసేసినచోట ఎవరైనా గట్టిగా పొడిస్తే తప్ప ఆయనకి ఏమీ తగలదు. జనానికి గుచ్చుకున్నదే ఆయనకి వినబడేది. ఊరంతా తలనొప్పి పెట్టే స్పీకర్లే కొనుక్కుని, చెవున్న మనిషి చెప్పాడు కదా అని పళ్ళు బిగించి వింటున్నారు.

ఇప్పుడు ఆ కథ చెప్పేవాళ్ళు ఎగరగొట్టే ముక్క. నేను ముందు ఇంట్లోనే చెప్పాను. తలుపులు వేసి, గొంతు తగ్గించి కాదు, ఆయనకి వినబడేలా, కానీ ఇంట్లోనే చెప్పాను. "మీకు పైస్థాయి శబ్దాలు వినబడట్లేదు. డాక్టరుకి చూపించుకుందాం. వయసుకి ముందే వచ్చింది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అంత మంచి సెట్టు నీకు నొప్పెడతందంటే రోగం నీ చెవికే. ఎల్లి నువ్వే సూపించుకో."

అంతటితో ఆగితే నేనూ ఆగేదాన్నేమో. ఆయన ఆగలేదు. షెడ్డులో చెప్పాడు, పందిరి వేసేవాళ్ళకి చెప్పాడు, "మా ఆవిడికి చెవి పోతంది పాపం" అని. తన చెవుడు తెచ్చి నాకు తగిలించాడు. కూరల బండి దగ్గర ఒకావిడ నా భుజం తట్టి, పెదాలు సాగదీసి, ముక్కలు ముక్కలుగా "బెం... డ... కా... యా?" అని అడిగింది. ట్యూషన్ పిల్ల తల్లి ఒకామె పిల్లని మాన్పించింది, చెవుడున్న టీచరుకి డౌట్లు ఎలా వినబడతాయని. అది నా పొట్ట మీద దెబ్బ. ఆమె నన్ను ఒక్క మాట అడగలేదు. ఆయన మాట చాలింది.

చవితి సాయంత్రం భజన. మైకు కీచుమంటోంది. చిన్నపిల్లలు చెవులు మూసుకున్నారు. ముసలమ్మలు కుర్చీలు వెనక్కి, ఇంకా వెనక్కి జరుపుకుంటున్నారు. ఎవరూ నోరు విప్పరు, మా ఆయన సెట్టు ఊరికే నడుపుతున్నాడు కదా. నా పక్కనున్నావిడ నా చెవి దగ్గర నోరు పెట్టి గావుకేక వేసింది. "నీకు విన-బ-డ-తం-దేటమ్మా?"

అప్పుడు లేచాను.

నేరుగా వెళ్ళి పాడేవాడి చేతిలోంచి మైకు తీసుకున్నాను. "చిన్న పరీక్ష. మా ఇంట్లో ఒకరికి చెవుడొచ్చిందట, ఎవరికో తేల్చేద్దాం. కూత వినబడినవాళ్ళు చెయ్యెత్తండి. పిల్లలూ, మీరూ ఎత్తండి." ఫోను మైకుకి ఆనించాను. మరీ పైది కాదు, ఫ్రిజ్ కూత పాటిదే, సౌండు తగ్గించే పెట్టాను. పిల్లలు ముందు ఎత్తారు, తరవాత పెద్దవాళ్ళు. నేనూ ఎత్తాను. బెండకాయ ఆవిడా ఎత్తింది.

మా ఆయన బల్ల వెనక మీటల మీద చేతులు పెట్టుకుని అందర్నీ చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. నేను బొటనవేలితో కూత ఆపేశాను. జనం చేతులు దిగడం మొదలైంది. సరిగ్గా అప్పుడు ఆయన చెయ్యి లేచింది. నింపాదిగా, ధీమాగా, క్లాసులో జవాబు తెలిసిన కుర్రాడిలా.

మైకులోనే అన్నాను. "దించండి. అది ఆగిపోయింది."

ఎంత నవ్వారో. వినాయకుడొక్కడే నవ్వలేదు. ఆయన చెయ్యి దించిన తీరు నేను చూశాను. ముందు వేళ్ళు ముడుచుకున్నాయి, తరవాత జుట్టు సర్దుకోవడానికే ఎత్తినట్టు తల మీదికి పోయింది. జుట్టు పెద్దగా లేదు.

మర్నాడు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. ఆయన పందిరి దాకా వెళ్ళి, చెప్పులు విడిచే చోట కాసేపు నిలబడి తిరిగొచ్చాడని విన్నాను. ఇప్పుడు స్పీకర్లు పట్టుకుని ఎవరూ రారు. కొట్టతను కూడా "భయ్యా ఎలాగున్నారు?" అని వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతాడట, జబ్బు మనిషి గురించి అడిగినట్టు. ఇంట్లో టీవీ సౌండు పూర్తిగా తీసేశాడు. బొమ్మలు చూస్తాడు. నాకు కావలసిన నిశ్శబ్దం ఇదేనా అని మీరడగొచ్చు. అడగండి. మాన్పించిన పిల్ల తిరిగొచ్చింది, అది కూడా రాసుకోండి.

సెక్టర్ 7 నుంచి మా వదిన, ఆయన అక్క, ఆటో దిగి గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఏటే, పందిట్లో బాగా గెల్సేవట?"

"గెలవడానికి పోటీ ఏముంది వదినా? అందరికీ వినబడింది, ఆయనకి వినబడలేదు."

"మరి నీ చెవులంత సుబ్బరంగా ఎలాగున్నాయో సెప్పు. ఆడు తెచ్చిన బిళ్ళలు చెవిలో ఎట్టుకుని సదివేవు, ఎట్టుకుని పడుకున్నావు. కాదేటి?"

బిళ్ళలంటే నారింజ రంగు స్పాంజి ఇయర్ ప్లగ్గులు, షెడ్డులో ఇచ్చేవి. ఇక్కడ షెడ్డుల్లో పనిచేసే మగవాళ్ళ ఇళ్ళన్నిటిలో అవుంటాయి, వాళ్ళ చెవుల్లో తప్ప. పిల్లలు పరీక్షలప్పుడు పెట్టుకుంటారు, పెళ్ళిళ్ళ సీజన్లో డీజే మోగితే ఆడవాళ్ళు పెట్టుకుంటారు. మా ఇంట్లో ఉప్పు డబ్బా పక్కనే వాటికో డబ్బా ఉండేది.

"ఆయన ఎలాగూ పెట్టుకోడు వదినా. షెడ్డులో కుప్పలున్నాయి. పారేసేవే తెచ్చేవాడు."

"పెట్టుకోడని నీకెవరు సెప్పేరు?"

"ఆయనే."

"ఆడే కదా," అంది వదిన. ఆమె టీ తాగకుండా వెళ్ళిపోయింది. మా ఇంట్లో ఆమె టీ వదిలిపెట్టడం అదే మొదలు.

తరవాత నేనొక్కదాన్నే సుపేలా వెళ్ళి ఆ డేకిశానే కొన్నాను. డ్రిల్లుని వెనక్కి తీసుకోనన్నాడు. నష్టం నాదే. కొట్టతను ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడాడు. "రబ్బరువి నొప్పెడితే ఈ స్పాంజివి సూడండి దీదీ. నొక్కి, సన్నగా నులిమి, చెవిలో ఎట్టి వేలితో కాసేపు పట్టుకోండి. అదే ఉబ్బి కూకుంటాది."

నాకు నేర్పక్కర్లేదు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు, నేను బీఎడ్ పరీక్షకి చదువుకుంటుంటే పక్క వీధిలో పెళ్ళి బ్యాండు మోగింది. షెడ్డు నుంచి భోజనానికొచ్చిన మనిషి జేబులోంచి నారింజ రంగు జత తీసి, వేళ్ళ మధ్య నులిమి, నా రెండు చెవుల్లో తనే పెట్టి, ఉబ్బేదాకా వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు. వేళ్ళు ఇనుము వాసనేశాయి. బ్యాండు దూరమైపోయింది. అన్నం తిని ఆయన మళ్ళీ షెడ్డుకి వెళ్ళాడు.

కొత్తవి చాలా బాగున్నాయి. గొంతు ముందుంటుంది, మృదంగం పడ్డచోటే ఆగుతుంది. అయినా వాటిని తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ పెళ్ళి బ్యాండు రోజు సంగతి ఆయన్ని అడిగాను, గట్టిగానే, రెండుసార్లు. ఆయన బొమ్మల టీవీ మీంచి చూపు తిప్పకుండా "నాకు వినబడదు కదే, నువ్వే తేల్చేవు" అన్నాడు.

ఆయన చెప్పకపోతే ఇంకెవరికీ తెలీదు. ఆ మధ్యాహ్నం మళ్ళీ గ్రైండర్ల మధ్యకి వెళ్ళేటప్పుడు, ఆయన జేబులో తనకంటూ ఇంకో జత ఉందా?