లావు టైరూ పట్టాభిషేకమూ: మా నర్సయ్య బావ

మా నర్సయ్య బావ ఇక లేరు. మొన్న శనివారం తెల్లవారుతుండగా చండ్రుగొండ నుంచి అక్క ఫోను చేసింది. "తమ్ముడా, మీ బావ లేస్తలేడురా" అన్నది. నేను వెళ్ళేసరికి మా భజన మండలి సభ్యులందరూ వాకిట్లో నిలబడి ఉన్నారు. నిద్రలోనే ప్రాణం పోయిందట. ముందురోజు సాయంత్రం కూడా వచ్చే పారాయణ ఎవరింట్లో పెట్టాలని నాతో ఫోనులో మాట్లాడిన మనిషి.

బావ కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. అడవి అంచు పల్లెల్లో పగలు స్తంభం ఎక్కిన మనిషే సాయంత్రం స్నానం చేసి వ్యాసపీఠం ముందు కూర్చునేవారు. రామాయణం ఆయన పండితుల వద్ద చదువుకున్నది కాదు. వాళ్ళ నాయన పక్కన కూర్చొని విని, తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కొని నేర్చుకున్నది. అర్థం చెప్పేటప్పుడు మాత్రం సీతమ్మ పక్క గూడెంలో ఉన్నట్టే చెప్పేవారు.

భజనలో ఆయన గొంతు పెద్దదేమీ కాదు. చెవి పెద్దది. ఒకసారి మా తబలా సత్యం ఊపులో వేగం పెంచాడు. బావ చేయెత్తి ఆపేశారు. "ఏం సత్యం, బస్సు పోతాందా? ఆ వెనకున్న ముసలామె ఇంకా మొదటి చరణంలనే ఉంది. ఆమెను రానీ, అందరం కలిసి పోదాం" అన్నారు. సత్యంతో సహా అందరం నవ్వాం. ఆ రోజు నుంచి మా భజన వేగం వెనక వరస చప్పట్లను బట్టే సాగింది.

ఆయనకు పాత మోటారు సైకిలు ఒకటి ఉండేది. పెండ్లయిన ఏడాది కొన్న ఆ బండి మీదే పెనుబల్లి నుంచి మా అక్కను కాపురానికి తెచ్చుకున్నారు. దానిమీదే ముందు ఆయన, వెనక హార్మోనియం ఒళ్ళో పెట్టుకొని నేను, ఎన్నో పల్లెలు తిరిగాం. దాన్ని ఒక్క రాత్రి కూడా ఆరుబయట ఉంచేవారు కాదు.

ఒక వానకాలం అడవి లోపలి ఊరిలో లచ్చమ్మవ్వ ఇంట్లో పారాయణ పెట్టుకున్నాం. ఆమెను దవాఖానా వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె కోరిక ఒక్కటే, పట్టాభిషేకం విని కన్నుమూయాలని. పారాయణ మొదలుపెట్టిన ఇంట్లో పట్టాభిషేకం చదవకుండా పుస్తకం కట్టకూడదన్నది మా మండలి నియమం. యుద్ధకాండ చివరికి వచ్చిన రోజు తిరుగుదారిలో బండి బురదలో జారింది. బావ మోకాలు చీరుకుపోయింది, హార్మోనియం మూల విరిగింది. మోకాలిని పట్టించుకోలేదు గానీ హార్మోనియం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. రేపటికి వెనక టైరు లావుది వేయిద్దాం, అప్పుడు జారదు అన్నారు.

ఆ బండికి వెనక వేసేది రెండు ముప్పావు అంగుళాల టైరు. మర్నాడు బావ నన్ను వెంటబెట్టుకొని పోయి మూడుంబావుది తెచ్చారు. మెకానిక్ యాకూబు బిగించి, మడ్‌గార్డు కిందికి తొంగి చూశాడు. "కాకా, టైరు పట్టింది గానీ సందు తక్కువుంది. మీరిద్దరు ఒకసారి ఎక్కి కూసోండ్రి, బండి ఎంత దిగుతదో చూస్త."

"కొబ్బరికాయ కొట్టకముందే ఎక్కుమంటవేంది? గుడికాడికి నడిపిచ్చుకుంటనే పోయి, పూజ చేయించినంక కూసుంట."

"టైరుకు గూడ పూజనా కాకా?"

"నా బండికి అంతే. నీ వేలు పడుతాందా లేదా, అది చెప్పు."

మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య యాకూబు వేలు పట్టింది. బావ తృప్తిపడ్డారు. పూజ లేనిదే బండెక్కరాదన్న నిష్ఠలో ఖాళీ బండినే కొలిచారు. ఇద్దరు మనుషులూ హార్మోనియమూ ఎక్కితే స్ప్రింగులు అణిగి మడ్‌గార్డు టైరు మీదికి దిగుతుందన్న సంగతి, యాకూబు చెప్పినా, మా ఇద్దరి తలకెక్కలేదు.

నిమ్మకాయ తొక్కించి మధ్యాహ్నం బయలుదేరాం. తారు రోడ్డు గుంతల్లో గర్రుమని చప్పుడు.

"బామ్మర్దీ, హార్మోనియం మోగుతాందా?"

"హార్మోనియం కాదు బావా, నీ మూడుంబావు పాడుతాంది."

ఆ నవ్వు అడవి బాట ఎక్కేదాకే. నల్లరేగడి బంకమన్ను టైరుకు చుట్టుకొని మడ్‌గార్డులో కూరుకుపోయింది. పాత టైరుకైతే ఆ మన్ను రాలిపోయేంత సందు ఉండేది. ఇప్పుడు చక్రం తిరగడమే మానేసింది. కట్టెపుల్లతో మన్ను గీకాం. కాస్త దూరం పోయాక మళ్ళీ బిగిసింది. నన్ను దింపి ఆయనొక్కరే నడిపి చూశారు. అప్పుడూ అంతే. వాన ముసురుకొస్తోంది, ఊరు ఇంకా దూరముంది.

బావ బండిని చెట్టుకు ఆనించి, రామాయణాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి చంకన పెట్టుకున్నారు. హార్మోనియం నేను భుజానికెత్తుకున్నాను.

"అడవిల వదిలేసి ఎట్ల పోతం బావా?"

"బండి యాడికి పోదు బామ్మర్దీ. ఆమె పోతది. నడువు జల్దీ."

చేరేసరికి పొద్దు గూకుతోంది. లచ్చమ్మవ్వకు స్పృహ ఉంది. బావ మాత్రం గడప దగ్గరే ఆగిపోయారు. మోకాళ్ళదాకా బురద, ఒళ్ళంతా చెమట. స్నానం చేయకుండా గ్రంథం విప్పి ఎరుగరు. బిందెడు నీళ్ళు అడిగారు. లోపలినుంచి ముసలమ్మ గొంతు సన్నగా వినబడింది.

"ఎవరయ్యా, నర్సయ్యనా? నీళ్ళు తర్వాత. రాముడు పద్నాలుగేండ్లు అడవుల తిరిగొచ్చిండు, ఆయన కాళ్ళకు బురద లేకుండెనా? వచ్చి చదువు కొడుకా."

బావ ఆ బురద కాళ్ళతోనే లోపలికి వెళ్ళి కూర్చున్నారు. నేను ఎన్నో పీఠాల ముందు ఎందరో పెద్దల నోట పట్టాభిషేక సర్గ విన్నాను. ఆ సాయంత్రం విన్నట్టు ఎన్నడూ వినలేదు. భరతుడు పాదుకలు తెచ్చి అన్న కాళ్ళకు తొడిగే ఘట్టం రాగానే అవ్వ కూతురి చేయి పట్టుకుంది.

"నన్ను లేపి కూసోబెట్టు బిడ్డా. రాజు గద్దెనెక్కుతుంటే పండుకుంటరా?"

కూర్చొనే విన్నది. హారతి అయ్యాక బావ తలమీద అక్షింతలు వేసి, "నీకు గూడ ఆ గడియల ఎవరన్నా గిట్లనే చదవాలె కొడుకా" అని దీవించింది. ఆ వారంలోనే వెళ్ళిపోయింది.

బండిని అడవిలోంచి తెచ్చుకున్నాక యాకూబు మళ్ళీ పాత సైజు టైరే వేశాడు. ఈసారి బావ కొబ్బరికాయ కంటే ముందు నన్ను వెనక ఎక్కించుకొని కూర్చున్నారు. ఈ కథ మండలిలో ఆయనే చెప్పి నవ్వించేవారు. ఎవరైనా ఆవేశంలో పెద్ద పెద్ద దీక్షలు పడతామంటే, "ఖాళీ బండిని కొలవకు. ఇల్లు, పిల్లలు, పొలం, అన్నీ ఎక్కించుకొని అప్పుడు చూసుకో" అనేవారు. అంతటి ధర్మసూక్ష్మం అంత చిన్న మాటలో చెప్పగలవారు ఇక మాకు లేరు.

నన్ను దహిస్తున్నది ఒక్కటే. అందరి పడకల పక్కకూ వేళకు చేరిన మనిషి పక్కన ఆ వేళకు మేమెవరమూ లేము. అవ్వ దీవెన ఫలించలేదని అక్క ముందు ఏడ్చాను. అక్క కళ్ళు తుడుచుకొని, "ఎందరికి చదివి సాగనంపిండురా మీ బావ! వాళ్ళంత ముందుగాల పోయి ఆడనే ఉన్నరు గదా" అన్నది.

ఆ మాటతో నా మనసు కుదుటపడింది. వాళ్ళలో చాలామందికి అక్షరం రాదు. కానీ ఆయన నోట విని విని పట్టాభిషేకం వాళ్ళకు కంఠస్థమైంది. ఆ తెల్లవారుజామున మా బావ అక్కడ గడప దగ్గర సంకోచిస్తూ నిలబడి ఉంటే, లోపల వాళ్ళు అప్పటికే చదువుతూ ఉన్నారనీ, రమ్మని పిలిచారనీ నేను నమ్ముతున్నాను.