మూడు ఆసులు పడిన రోజు

మా నాయన నాకు మూడు ముక్కలాట నేర్పింది కార్వేటినగరంలో మా ఇంటి అరుగు మీదే. పందెం చింతపిక్కలు. "మంచి ముక్కలు పడితే ఎగరొద్దు పాపా, ఎదుటోడు ముక్కలు పారేసి లేసిపోతాడు. మొగం యాలాడేసుకోని ఒక్కొక్క పిక్కే ఎయ్. ఏమీ పడకపోతే మాత్రం బాగా నవ్వు" అనేవాడు.

పోయిన ఎండాకాలంలో ఆయన ఒక్కడే తిరుపతి ఆసుపత్రికి పోయి, పరీక్షల కాగితాలు తెచ్చుకున్నాడు. వస్తూనే "ముక్కలు ఎయ్ పాపా" అన్నాడు. నాకు మూడు ఆసులు పడ్డాయి! నిట్టూరుస్తూ ఒక్కొక్క పిక్కే వేశాను. నాయన నవ్వుతూ, తన పిక్కలన్నీ అయిపోయేదాకా వేస్తూనే ఉన్నాడు. చివరికి ముక్కలు తిప్పితే ఆయన చేతిలో జత కూడా లేదు.

"నువ్వు నవ్వినప్పుడే తెలిసిపాయ నాయనా, నీకేమీ పడలేదని!" అంటూ చప్పట్లు కొట్టాను. గెలిచిన పిక్కలు డబ్బాలోకి ఎత్తుకుంటూ, "అవునూ, డాక్టరు ఏమన్నాడు?" అని అడిగాను.

"ఏమీ లేదంట పాపా" అని నాయన నవ్వాడు. నేను సంతోషంగా అన్నం వండడానికి లోపలికి పోయాను.

మూడు నెలలకే నాయన పోయాడు. ఆ మధ్యాహ్నం ఆయన రెండుసార్లూ ఒకే నవ్వు నవ్వాడు. చింతపిక్కల కోసమైతే పట్టుకోగలిగాను.